‘నాన్నా, పులి!’ అని అరిచే కారు

లారీని వెనక్కి తీసేటప్పుడు ఎప్పుడైనా గమనించారా? వెనక ఏముందో డ్రైవరుకు కనిపించదు. అందుకని క్లీనరు కిందికి దూకి, లారీ వెనకవైపు ఓ పక్కగా నిలబడి, అరచేత్తో బాడీ మీద తడుతూ "రానీ... రానీ... రానీ..." అంటూ ఉంటాడు. గోడ దగ్గరపడుతున్న కొద్దీ ఆ తట్టడం జోరందుకుంటుంది. ఆఖరికి "ఆప్!" అంటూ గట్టిగా ఓ చరుపు చరుస్తాడు. లారీ ఠక్కున ఆగిపోతుంది. గోడకూ లారీకీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది.

ఈ క్లీనరు ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ చదవలేదు. అయినా ప్రమాద హెచ్చరిక ఎలా ఉండాలో అతనికి బాగా తెలుసు. గోడ ఇరవై గజాల దూరంలో ఉండగానే "ఆప్" అనడు. గోడకు తగిలేదాకా ఊరుకోడు. "డ్రైవరు గారూ, తమరి వెనక ఒక గోడ ఉన్నది, దయచేసి బండి ఆపవలసింది" అంటూ ఉపన్యాసం ఇవ్వడు. అన్నిటికన్నా ముఖ్యం, గోడ లేనిచోట గోడ ఉందని అరవడు. అలా నాలుగుసార్లు అరిచాడంటే ఐదోసారి డ్రైవరు అతని మాట నమ్మడు గదా!

ఈనాటి కార్లలో ఈ క్లీనరు పనిని యంత్రాలు చేస్తున్నాయి. వెనక గోడ ఉంటే బీప్ బీప్ మంటాయి. ముందున్న బండి హఠాత్తుగా ఆగితే ఎర్రదీపం వెలిగిస్తాయి. రోడ్డు మీది గీత దాటి పక్కకు పోతుంటే సీటును వణికిస్తాయి. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా అన్నమాట. ఒకటి రెండు సెకండ్ల ముందు హెచ్చరిక అందితే తప్పిపోయే ప్రమాదాలు ఎన్నో ఉంటాయి. కాని మంచి హెచ్చరికను తయారుచెయ్యడం అనుకున్నంత తేలిక కాదు. ఎంచేతనంటే, ప్రమాదాన్ని కనిపెట్టేది యంత్రం. హెచ్చరికను విని లక్ష్యపెట్టవలసింది మాత్రం మనిషి!

యంత్రానికి ఎలా తెలుస్తుంది?

ముందుగా గోడ సంగతి చూద్దాం. కారు వెనక బంపరు మీద రూపాయి బిళ్ళంత గుండ్రని బిళ్ళలు నాలుగు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ సెకండుకు సుమారు 40 వేల కంపనాలు గల ధ్వనిని వెలువరిస్తుంది. మన చెవి సెకండుకు 20 వేల కంపనాలు దాటిన ధ్వనిని వినలేదు కనక అది మనకు వినిపించదు. ఆ ధ్వని గోడకు తగిలి ప్రతిధ్వనిగా తిరిగివస్తుంది. గాలిలో ధ్వని సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గోడ ఒక మీటరు దూరంలో ఉంటే పోవడానికీ రావడానికీ కలిపి 2 మీటర్లు. అంటే సెకండులో వెయ్యింట ఆరు వంతుల కాలం చాలు. ఆ కాలాన్ని కొలిచి, దూరాన్ని లెక్కగట్టి, కారులోని చిన్న కంప్యూటరు డ్రైవరుకు వినపడేలా వేరే బీప్ శబ్దం చేస్తుంది. దూరం తగ్గేకొద్దీ బీప్‌లు దగ్గరవుతాయి. చివరికి ఒకటే మోతగా మారతాయి. చూశారా, అచ్చం క్లీనరు చెయ్యి తట్టినట్టే! గబ్బిలం చీకట్లో పురుగుల్ని పట్టేదీ ఈ పద్ధతిలోనే.

అయితే రహదారి మీద గంటకు 70, 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు ఈ ధ్వని చాలదు. అది కొద్ది మీటర్లు పోయేసరికే బలహీనపడుతుంది. అక్కడ రాడార్ కావాలి. కారు ముక్కులో అమర్చిన రాడార్ సుమారు 4 మిల్లీమీటర్ల పొడవుగల రేడియో తరంగాలను పంపుతుంది. ఇవి కాంతి వేగంతో, అంటే సెకండుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతాయి. 60 మీటర్ల దూరంలో ఉన్న లారీని తాకి తిరిగిరావడానికి వాటికి పట్టే కాలం సెకండులో పదిలక్షల వంతుకన్నా తక్కువే. పైగా తిరిగివచ్చిన తరంగం ఎంత మారిందో చూసి, ముందున్న బండి మనకు ఎంత వేగంగా దగ్గరవుతోందో కూడా చెప్పవచ్చు. రైలు మన వైపు వచ్చేటప్పుడు కూత సన్నగా, మనల్ని దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుందే, ఆ సూత్రమే ఇది. డాప్లర్ ప్రభావం అంటారు.

దీనికి తోడు అద్దం వెనక ఒక కెమెరా ఉంటుంది. అది రోడ్డు మీది గీతలను, మనుషులను, బండ్లను పోలికలనుబట్టి గుర్తుపడుతుంది.

ఇలాంటి ఆలోచన కొత్తదేమీ కాదు. 1959లోనే అమెరికాలో కాడిలాక్ సైక్లోన్ అనే ప్రదర్శన కారు ముందుభాగాన రాకెట్ మొనల్లాంటి రెండు నల్లని శంకువులు పెట్టి, వాటిలో రాడార్ అమర్చారు. దారిలో ఏదైనా అడ్డం ఉంటే అది శబ్దంతోనూ, దీపంతోనూ డ్రైవరును హెచ్చరించేది. కాని అప్పట్లో అలాంటి రాడార్ మామూలు కారుకు అందుబాటులోకి వచ్చేది కాదు. ఎలక్ట్రానిక్ పరికరాలు చిన్నవై, చవకయ్యాకే అది వీధిలోకి వచ్చింది.

ఎప్పుడు చెప్పాలి?

సరే, ముందు లారీ ఆగి ఉందని యంత్రానికి తెలిసింది. వెంటనే అరవాలా? కాసేపు ఆగాలా? లెక్క వేద్దాం.

మీ కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకండుకు 20 మీటర్ల వేగంతో పోతోంది. హెచ్చరిక వినగానే డ్రైవరు అర్థం చేసుకుని, కాలును బ్రేకు మీదికి తెచ్చేసరికి కనీసం ఒక సెకండు పడుతుంది. ఆ సెకండులో కారు 20 మీటర్లు ముందుకు పోనే పోయింది! ఆ తరవాత బ్రేకు పని మొదలవుతుంది. పొడి రోడ్డు మీద మంచి టైర్లున్న కారును గట్టిగా ఆపితే దాని వేగం ప్రతి సెకండుకూ సుమారు 7 మీటర్ల చొప్పున తగ్గుతుంది. మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని సూత్రం ప్రకారం వేగాన్ని వర్గం చేసి, ఆ 7కు రెట్టింపుతో భాగించండి. 400ను 14తో భాగిస్తే సుమారు 29 మీటర్లు. రెండూ కలిపితే 49 మీటర్లు.

అంటే లారీ 49 మీటర్ల దూరంలో ఉండగా, మరోలా చెప్పాలంటే గుద్దుకోవడానికి రెండున్నర సెకండ్ల ముందు, హెచ్చరిక రావాలి. ఒక్క సెకండు ముందు వస్తే అది హెచ్చరిక కాదు, చావుకబురు. పోనీ, ఆరు సెకండ్ల ముందు, అంటే లారీ 120 మీటర్ల దూరంలో ఉండగానే అరిస్తేనో? అప్పటికి డ్రైవరు లారీని చూసే ఉంటాడు. తీరిగ్గా బ్రేకు వెయ్యబోతూ ఉంటాడు. చూసినదాన్నే చూడమని అరిస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. వాన పడి రోడ్డు తడిసినప్పుడో? బ్రేకు పట్టు తగ్గుతుంది కనక మరింత ముందుగా చెప్పాలి. డ్రైవరు పరధ్యానంగా ఉన్నప్పుడో? ఇంకా ముందుగా చెప్పాలి. అందరికీ, అన్నివేళలా సరిపోయే ఒకే క్షణం లేదు. ఇదే మొదటి చిక్కు.

ఈ చిక్కును చాలావరకు విప్పగలిగారు కూడాను. అమెరికాలో కార్ల భీమా కంపెనీలు నడిపే పరిశోధనా సంస్థ ఒకటి ప్రమాదాల లెక్కలు తీసింది. ముందున్న బండిని గుద్దబోతున్నామని హెచ్చరించే పరికరం ఉన్న కార్లలో అలాంటి ప్రమాదాలు నూటికి 27 వంతులు తగ్గాయి. హెచ్చరికతోపాటు కారే బ్రేకు వేసుకునే ఏర్పాటు కూడా ఉంటే సగానికి సగం తగ్గాయి.

ఎలా చెప్పాలి?

రెండో చిక్కు: కంటికి చెప్పాలా, చెవికి చెప్పాలా, ఒంటికి చెప్పాలా?

మెరుపు ముందు కనిపిస్తుంది, ఉరుము తరవాత వినిపిస్తుంది. కాంతి అంత వేగం గలది. కనక దీపం వెలిగించడమే మేలనుకుంటున్నారా? తమాషా ఏమిటంటే, కారులోపల ఆ రెండిటి మధ్య దూరం మీటరు కూడా ఉండదు. అక్కడ పందెం జరిగేది గాలిలో కాదు, మన శరీరంలో. దీపం వెలగగానే మీట నొక్కమంటే మనుషులు దాదాపు 0.2 సెకండులో నొక్కుతారు. శబ్దం వినగానే నొక్కమంటే సుమారు 0.16 సెకండులోనే నొక్కేస్తారు. శబ్దం చెవిలోని సన్నని రోమకణాలను నేరుగా కదిలించి నాడుల్లోకి చేరుతుంది. కంటిలో మాత్రం కాంతి ముందు రసాయనిక మార్పులు కలిగించాలి. అందుకే కన్ను కాస్త వెనకబడుతుంది. పైగా కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. డ్రైవరు ఎటు చూస్తున్నా శబ్దం అతన్ని చేరుతుంది.

మరి శబ్దంతో పాటు మాటలు కూడా చెప్పిస్తే? అదీ చేసి చూశారు. 1981లో జపాన్‌వారి డాట్సన్ మాక్సిమా కారులో బుల్లి గ్రామఫోను రికార్డు పెట్టి, దీపాలు ఆర్పడం మరిచిపోతే ఆ సంగతి చెప్పించారు. 1983లో అమెరికాలోని క్రైస్లర్ కంపెనీ ఎలక్ట్రానిక్ గొంతుతో "తలుపు సరిగా పడలేదు" వంటి మాటలు పలికించింది. మొదట్లో జనం ముచ్చటపడ్డారు. రానురాను విసుక్కున్నారు. కొన్నేళ్ళకే ఆ గొంతులు మూగబోయాయి.

తలుపు సంగతి చెప్పడానికి మాటలు ఫరవాలేదు, తొందరేం లేదు కనక. కాని "మీ ముందున్న వాహనం ఆగిపోయింది, వెంటనే బ్రేకు వెయ్యండి" అని చెప్పడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసుకుని చదవండి. మూడు నాలుగు సెకండ్లు. ఈలోగా మన కారు 60, 80 మీటర్లు పోతుంది! వాక్యం పూర్తయ్యేసరికి వినేవాడే ఉండకపోవచ్చు. క్లీనరు ఒక్క మాటతో ఎందుకు సరిపెడతాడో ఇప్పుడు తెలిసింది గదా. ఆర్టీసీ బస్సులో కండక్టరు కూడా అంతే. ఒక గంట కొడితే ఆపు, రెండు కొడితే పోనీ.

శబ్దానికీ ఒక లోపం ఉంది. కారులో పాటలు, పక్కవాళ్ళ కబుర్లు, బయటి హారన్లు, ఇన్నిటి మధ్య ఇంకో శబ్దం ఏ మూలకు? అందుకని కొందరు ఒంటికే చెప్పారు. 2005 ప్రాంతంలో ఫ్రాన్సువారి సిట్రోయెన్ సీ 4 కారులో బంపరు కింద పరారుణ కిరణాల పరికరాలు అమర్చారు. అవి రోడ్డు మీది తెల్లగీతను కనిపెడుతూ ఉంటాయి. డ్రైవరు సంకేతదీపం వెయ్యకుండా ఎడమ గీత దాటితే సీటు ఎడమవైపు వణుకుతుంది. కుడి గీత దాటితే కుడివైపు వణుకుతుంది. ప్రమాదం ఎటువైపో వేరే చెప్పక్కరలేదు, ఒంటికే తెలిసిపోతుంది. పక్క సీట్లో ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు కనక డ్రైవరుకు నామోషీ కూడా ఉండదు.

నిద్ర సంగతి వేరు. నిద్రలోకి జారినవాణ్ణి అప్పుడు హెచ్చరించి లాభం లేదు, జారకముందే చెప్పాలి. మెలకువగా ఉన్న డ్రైవరు స్టీరింగును ఎప్పుడూ ఇటూ అటూ కొద్దికొద్దిగా సవరిస్తూనే ఉంటాడు. కళ్ళు మూతలు పడుతుంటే కాసేపు కదపడు. తరవాత ఉలిక్కిపడి ఒక్కసారి లాగుతాడు. ఈ తేడాను పట్టే పరికరాన్ని 2009లో మెర్సిడెస్ కంపెనీ తన కార్లలో పెట్టింది. అది అరవదు. ఎదురుగా కాఫీ కప్పు బొమ్మ చూపించి, ఇక కాసేపు ఆగి అలసట తీర్చుకోమంటుంది. మన రహదారుల మీద రాత్రివేళ లారీలు టీ దుకాణాల దగ్గర ఆగేదీ అందుకే!

ఎన్నిసార్లు చెప్పాలి?

ఇది మూడో చిక్కు. అన్నిటికన్నా పెద్దది.

‘నాన్నా, పులి!’ కథ మీకందరికీ తెలుసు. ఆ కథ విన్నప్పుడల్లా మనం కుర్రవాడి తప్పే చూస్తాం. ఈసారి నాన్న వైపు నుంచి చూడండి. రెండుసార్లు పరుగెత్తుకువచ్చి మోసపోయిన మనిషి మూడోసారి రాలేదు. అతడు చెడ్డవాడా? తెలివితక్కువవాడా? కాదు. మనిషి మనసు తీరే అంత. అబద్ధమని తేలిన కేకను అది వినడం మానేస్తుంది.

యంత్రం సరదాకు అబద్ధమాడదు. కాని పొరబడుతుంది. మలుపు దగ్గర ఉన్న ఇనప బోర్డు నుంచీ, పైవంతెన నుంచీ కూడా రాడార్‌కు ప్రతిధ్వని వస్తుంది. రోడ్డు మీది నీడను చూసి కెమెరా భ్రమపడవచ్చు. ఒక కారు రోజుకు ఒక్కసారి మాత్రమే పొరబడి అరుస్తుందనుకుందాం. నిజమైన ప్రమాదం ఏడాదికి ఒక్కసారి ఎదురవుతుందనుకుందాం. అంటే డ్రైవరు 365 ఉత్త కేకలకు ఒక్క నిజమైన కేక వింటాడు. ఆ ఒక్కటి వచ్చేనాటికి అతని కాలు బ్రేకు మీదికి పోతుందా?

పోనీ, పూర్తిగా రూఢి అయితేనే అరవమని యంత్రానికి చెబితే? అప్పుడు ఉత్త కేకలు తగ్గుతాయి. కాని అసలు పులి వచ్చినప్పుడు కూడా ఒక్కోసారి నోరు మెదపదు. వీధిలో పోయే ప్రతివాణ్ణీ చూసి మొరిగే కుక్కా దండగే, దొంగ వచ్చినా మొరగని కుక్కా దండగే. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ఇంజనీర్ల తలనొప్పి.

విసిగిన జనం ఏం చేస్తారో చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. సీటు బెల్టు ప్రాణాలు కాపాడుతుంది. అందులో సందేహం లేదు. అందుకని అమెరికా ప్రభుత్వం 1974 నాటి కొత్త కార్లకు ఒక నిబంధన పెట్టింది. ముందు సీట్లలో కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకుంటే తప్ప కారు కదలకూడదు. సీటు కింద ఒక మీట, బెల్టు కొక్కెంలో ఒక మీట. సీటు మీద బరువుండి, బెల్టు పెట్టకుండా ఉంటే ఇంజను స్టార్టు కాదు. ఊహ బాగానే ఉంది. కాని బరువు మనిషిదో, కూరగాయల సంచిదో సీటుకేం తెలుసు? సంచిని పక్క సీట్లో పెడితే కారు మొరాయించేది! జనం మండిపడ్డారు. గొడవ అమెరికా పార్లమెంటుదాకా పోయింది. 1974 అక్టోబరు 27న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన చట్టంతో ఆ నిబంధన రద్దయింది. బెల్టు గుర్తుచేసే బజరు కూడా 8 సెకండ్లకు మించి మోగాలని ప్రభుత్వం నిబంధన పెట్టరాదన్నారు. ఆ 8 సెకండ్ల హద్దును ఎత్తివెయ్యడానికి 2012 దాకా, అంటే 38 ఏళ్ళు పట్టింది. మేలు చేసే పరికరమే. చెప్పే తీరు బాగాలేక ఓడిపోయింది.

మన దగ్గర మాత్రం? 2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ సీటు బెల్టు గుర్తుచేసే బజరు, వెనక గోడను పట్టే పరికరం, వేగం మించితే హెచ్చరించే బీప్ తప్పనిసరి చేశారు. బజరు మోత పడలేక కొందరు ఏం చేశారో తెలుసా? బెల్టు కొక్కెంలో దూర్చడానికి ఉత్త ఇనప నాలుక ఒకటి కొనుక్కున్నారు! బెల్టు పెట్టుకున్నారనుకుని కారు నోరు మూసుకుంటుంది. ఈ బిళ్ళల అమ్మకాన్ని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అడ్డుకుంది. ఇంటర్నెట్ అంగళ్ళ నుంచి అలాంటి సరుకు ప్రకటనలు 13 వేలకు పైగా తీయించింది. కారును మోసగించడం తేలికే. గుద్దుకున్నప్పుడు భౌతికశాస్త్రాన్ని మోసగించలేం.

అమెరికాలోనే 2017లో వెలువడిన మరో పరిశీలన ఇంకా ఆసక్తికరమైనది. మరమ్మత్తుకు వచ్చిన దాదాపు వెయ్యి కార్లను చూస్తే, ముందు బండిని గుద్దబోతున్నామని చెప్పే పరికరాన్ని నూటికి తొంభైమందికి పైగా ఆర్పకుండా ఉంచుకున్నారు. గీత దాటుతున్నామని చెప్పే పరికరాన్ని మాత్రం సగంమంది ఆర్పేశారు. మొదటిది అరుదుగా అరుస్తుంది. రెండోది మాటిమాటికీ నస పెడుతుంది. తేడా అదే!

అందుకే ఇప్పుడు హెచ్చరికను మెట్లు మెట్లుగా కడుతున్నారు. మన కార్లలోని వేగం బీప్‌నే చూడండి. గంటకు 80 కిలోమీటర్లు దాటితే నిమిషానికి ఒకసారి గుర్తుచేస్తుంది. 120 దాటితే ఆపకుండా మోగుతుంది. చిన్న ప్రమాదానికి చిన్న గొంతు, పెద్ద ప్రమాదానికి పెద్ద గొంతు.

మన రోడ్లు, మన పాఠాలు

విదేశాల్లో గీతలన్నీ స్పష్టంగా ఉన్న రోడ్ల మీద పాఠం నేర్చిన కెమెరాను తెచ్చి మన వీధుల్లో వదిలితే ఏమవుతుంది? ఇక్కడ గీతలు చెరిగిపోయి ఉంటాయి. తారు ఎక్కడ అయిపోయి మట్టి ఎక్కడ మొదలైందో తెలియదు. ఎదురుగా ఆటో, పక్కన గేదె, మధ్యలో సైకిలు. అన్నిటికీ అరిస్తే డ్రైవరు దాన్ని ఆర్పేస్తాడు. అరవకపోతే ప్రమాదం.

అంచేత హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కెమెరాకు మన రోడ్ల మీదే అక్షరాభ్యాసం చేయించాలనుకున్నారు. హైదరాబాదు, బెంగుళూరు నగరాల్లోనూ, వాటి చుట్టుపక్కలా కారు నడిపి, 182 ప్రయాణాల్లో తీసిన దృశ్యాల నుంచి 10 వేల చిత్రాలు ఏరారు. ప్రతి చిత్రంలో ఏది ఏమిటో 34 రకాలుగా గుర్తులు పెట్టారు. అందులో ఆటోరిక్షా ఒక రకం, జంతువు ఒక రకం. అవసరమైతే బండి దిగగల రోడ్డు పక్క మట్టిబాట కూడా ఒక రకమే! యంత్రానికి పరిసరాలు బాగా తెలిస్తే ఉత్త కేకలు తగ్గుతాయి. ఉత్త కేకలు తగ్గితే మనిషికి నమ్మకం పెరుగుతుంది.

మీరే చేసి చూడండి

30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి తీసుకోండి. మీ స్నేహితుణ్ణి దాన్ని నిలువుగా, సున్నా కిందికి ఉండేలా పట్టుకోమనండి. సున్నా దగ్గర మీ బొటనవేలూ చూపుడువేలూ తాకీతాకకుండా ఉంచండి. అతడు చెప్పకుండా వదిలేస్తాడు. మీరు టక్కున పట్టుకోండి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో ఆ సంఖ్యను రెట్టింపు చేసి, 980తో భాగించి, వర్గమూలం కనుక్కోండి. అదే మీకు పట్టిన కాలం, సెకండ్లలో. 20 సెంటీమీటర్లయితే సుమారు 0.2 సెకండు.

ఇప్పుడు కళ్ళు మూసుకోండి. స్కేలు వదులుతూనే "ఆప్!" అనమనండి. పదిసార్లు చేసి, రెండు సగటులనూ పోల్చండి. కన్ను గెలిచిందా, చెవి గెలిచిందా?

అసలు ప్రయోగం ఆఖరిది. ఈసారి కూడా కళ్ళు మూసుకునే ఉండాలి. ఐదుసార్లు స్కేలు వదలకుండానే "ఆప్!" అనమనండి. ఆ తరవాత ఎప్పుడో ఒకసారి నిజంగా వదలమనండి. అది ఎప్పుడో మీకు తెలియకూడదు. ఆ నిజమైన కేకకు స్కేలును ఎక్కడ పట్టుకున్నారో, అసలు పట్టుకోగలిగారో లేదో నోటుబుక్కులో రాసుకోండి. మీ తరగతిలో పదిమంది చేత చేయించి, పట్టిక వేసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి. కార్ల హెచ్చరికలకు రూపకల్పన చేసే ఇంజనీర్ల ముందున్న పట్టికా అలాంటిదే. కాకపోతే అక్కడ చేయిజారేది స్కేలు కాదు.